చిన్న రీఫ్ ట్యాంకుకి స్కిమ్మర్ పెట్టాలా, వద్దా?

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. సముద్రపు అక్వేరియం పెట్టి ఎనిమిది నెలలైంది. ట్యాంకు 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 36 ఎత్తు. రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక చిన్న గోబీ, మెత్తని పగడాల్లో కొన్ని బటన్ పాలిప్స్, మష్రూమ్ పగడాలు, కాస్త గ్రీన్ స్టార్ పాలిప్స్ ఉన్నాయి. సంప్ (ట్యాంకు కింద పెట్టే రెండో తొట్టి) లేదు, వెనకాల ఫిల్టర్ అర ఉంది. వారం వారం 10 లీటర్లు మారుస్తున్నాను. నైట్రేట్ 10కీ 15కీ మధ్య ఉంటోంది. స్కిమ్మర్ (గాలి బుడగలతో నీటిలోని మురికిని నురగగా బయటికి తీసే యంత్రం) లేని రీఫ్ ట్యాంకు, అంటే పగడాల ట్యాంకు, ఎక్కువ కాలం నిలబడదనీ, అది పెట్టుకుంటే ఒక డోరీ చేపని, వచ్చే నెల తెప్పించే హ్యామర్ పగడాన్ని కూడా వేసుకోవచ్చనీ దుకాణంలో అంటున్నారు. ఏడు వేలు చెప్పారు. కొనమంటారా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వద్దండీ. మీరు రాసినదాన్ని బట్టి మీ ట్యాంకు బాగుంది. నైట్రేట్ 10, 15 అన్నది మెత్తని పగడాలను ఇబ్బంది పెట్టే అంకె కాదు. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకి పడిపోయిన నీళ్లలోనే మష్రూమ్‌లు ముడుచుకుపోతాయి, ఇసుక మీద గోధుమరంగు డైనోలు (డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు) సాగుతాయి. బాగా నడుస్తున్న ట్యాంకుకి భయంతో కొత్త సామాను తగిలించడం నాకు ఇష్టం ఉండదు.

అలాగని స్కిమ్మర్ దండగ అనడం లేదు. మా ఇంట్లో నాలుగడుగుల ట్యాంకు కింద స్కిమ్మర్ రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటుంది. మూడు నాలుగు రోజులకోసారి కప్పు విప్పితే అడుగున చిక్కటి డికాక్షన్ రంగు నీళ్లు ఉంటాయి. మెడ లోపలి గోడకి ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు జిగురు పట్టి ఉంటుంది. వేలితో తుడిస్తే పొరలు పొరలుగా ఊడి వస్తుంది, కుళ్లిన నాచు వాసన. ఇదంతా నిన్నటిదాకా చేపలు పీల్చిన నీళ్లలో ఉందని తెలిశాక ఆ యంత్రం మీద గౌరవం కలుగుతుంది. పక్క గదిలోని చిన్న ట్యాంకుకి మాత్రం స్కిమ్మర్ లేదు, పెట్టే ఉద్దేశం కూడా లేదు.

అది పని చేసే తీరు తెలిస్తే మీకే అర్థమవుతుంది. చేపల విసర్జనలో, మిగిలిన మేతలో, పగడాలు వదిలే జిగురులో కొన్ని రకాల అణువులు ఉంటాయి. వాటి ఒక కొస నీళ్లలో ఉండటానికి ఇష్టపడుతుంది, రెండో కొస నీటికి ఎడంగా పోవాలని చూస్తుంది. గొట్టంలోకి సన్నని గాలి బుడగలు వదిలితే ఆ రెండో కొస బుడగను పట్టుకుంటుంది, బుడగతో పాటు పైకి వచ్చి నురగై కప్పులో పడుతుంది. మా అనకాపల్లి వైపు బెల్లం వండేటప్పుడు చెరకు రసం మరుగుతుంటే పైకి తేలిన తెట్టును ఎప్పటికప్పుడు తీసి పారేస్తారు చూడండి, ఇదీ అలాంటి పనే. మురికి లోపలే కలిసిపోకముందే పట్టుకోవాలి. కలిసిపోయి, బాక్టీరియా చేతిలో పడి అమోనియా, నైట్రైట్, నైట్రేట్ అయిపోయాక స్కిమ్మర్ దాన్ని ముట్టుకోలేదు. అంటే మీ నైట్రేట్ కిట్ చూపించే ఆ 15ను తగ్గించేది స్కిమ్మర్ కాదు, నీళ్లు మార్చడమే.

పైగా ముందుగా పట్టుకోవడంలోనూ దానికి హద్దుంది. అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ కెన్ ఫెల్డ్‌మన్, ఆయన సహచరులు 2009లో స్కిమ్మర్లను వరుసగా పరీక్షించి కొలిచారు. నీటిలోని మొత్తం సేంద్రియ కార్బన్‌లో సుమారు మూడో వంతు వరకే అవి తీయగలిగాయి. మిగిలినది బుడగకి అంటుకునే రకం కాదు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని కాబట్టి ఇలా కొలిచి చెప్పిన మాటకి నేను ఎక్కువ విలువిస్తాను.

ఇప్పుడు మీ ట్యాంకు లెక్క చూద్దాం. అంచుదాకా పోస్తే 65 లీటర్లు, రాళ్లూ ఇసుకా పోను నీళ్లు 50 లీటర్లనుకోండి. 10 లీటర్లంటే ఐదో వంతు. మీరు వేసే మేత వల్ల వారానికి 3 పీపీఎం (పది లక్షల పాళ్లలో 3) నైట్రేట్ పెరుగుతోందనుకుందాం. 15 ఉన్నప్పుడు ఐదో వంతు నీళ్లు తీసేసి కొత్తవి పోస్తే 12కి దిగుతుంది. వారం తిరిగేసరికి మళ్లీ 15. ఎన్ని నెలలు గడిచినా అక్కడే ఆగుతుంది, పైకి పోదు. మీరు రాసిన అంకెలు దాదాపు ఇవే. దీనికి మీకు పడే ఖర్చు వారానికి సుమారు 370 గ్రాముల మెరైన్ సాల్ట్, ఒక బకెట్టు నీళ్లు, అరగంట సమయం. అదే నా పెద్ద ట్యాంకులో 350 లీటర్లున్నాయి. ఐదో వంతంటే 70 లీటర్లు, రెండున్నర కిలోల పైచిలుకు ఉప్పు. అంత నీటిని ప్రతి వారం మోయలేను కాబట్టి అక్కడ స్కిమ్మర్ కావాలి. చిన్న ట్యాంకుకున్న గొప్ప సౌకర్యమే నీళ్లు మార్చడం తేలిక కావడం. దాన్ని వదులుకుని యంత్రం మీద ఆధారపడితే చేజేతులా బలాన్ని పోగొట్టుకున్నట్టే. కొత్త నీళ్లతో కాల్షియం, కార్బొనేట్, మిగతా ఖనిజాలు కూడా తిరిగి వస్తాయి. స్కిమ్మర్ అవేవీ ఇవ్వదు.

అది ఇచ్చేది గాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం స్కిమ్మర్ పక్షాన మాట్లాడతాను. 25 డిగ్రీల సముద్రపు నీటిలో లీటరుకి 6.7 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకి అది 6.2కి పడిపోతుంది. లైటు ఆరిపోయాక పగడాలు, నాచు, బాక్టీరియా అన్నీ ఆక్సిజన్ తీసుకునేవే గానీ ఇచ్చేవి ఉండవు. అందుకే చేపలు తెల్లవారుజామున చనిపోతుంటాయి. మే నెలలో తలుపులన్నీ మూసి ఏసీ వేసుకుని పడుకునే గదిలో ఇంకో చిక్కుంది. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ గదిలో పేరుకుని నీటి పీహెచ్ తగ్గుతుంది. స్కిమ్మర్ గాలి గొట్టాన్ని కిటికీ బయటికి పెట్టి పెద్ద ట్యాంకుల వాళ్లు దీన్ని సర్దుకుంటారు. మీకు అంత అవసరం లేదు. వేవ్ మేకర్ (నీళ్లను కదిలించే పంపు) మూతిని పైకి తిప్పి నీటి పైభాగం ఎప్పుడూ అలలుగా కదిలేట్టు చూడండి. గాజు మూత ఉంటే తీసేసి సన్నని జాలీ వేయండి, గోబీలు ఎగిరి బయటపడే రకం కాబట్టి జాలీ మాత్రం తప్పదు. గదికి పగటిపూట బయటిగాలి తగలనివ్వండి. చాలు.

వెనక అరలో ఇమిడే చిన్న స్కిమ్మర్లతో ఇంకో ఇబ్బంది ఉంది. వాటి పంపు వాడే కరెంటంతా చివరికి వేడిగా మారి నీళ్లలోనే చేరుతుంది. ఎండాకాలంలో 50 లీటర్ల నీళ్లను చల్లగా ఉంచడానికే అవస్థ పడేవాళ్లకి అదొక అదనపు పొయ్యి. ఇక నురగంటారా, అరలో నీటిమట్టం ఒక అంగుళం తగ్గినా ఆగిపోతుంది, పెరిగినా కప్పు పొంగుతుంది. ఎప్పటికప్పుడు నీళ్లు కలిపే ఏర్పాటు లేకపోతే ఆ యంత్రం వారంలో సగం రోజులు ఊరికే గుర్రుమంటూ ఉంటుంది.

దీనికన్నా మీ ట్యాంకుకి నిజమైన ప్రమాదం ఆవిరి. వేసవిలో ఫ్యాను కింద రోజుకో లీటరు పోవడం మామూలే. నీళ్లు పోతాయి, ఉప్పు పోదు. వెయ్యికి 35 పాళ్లు ఉన్న ఉప్పదనం నాలుగు రోజులు పట్టించుకోకపోతే 38కి చేరుతుంది. పోయినదానికి బదులు రోజూ మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. ఆ మంచినీళ్లు వంటింటి ప్యూరిఫయర్ నుంచి పట్టకండి. మన ఇళ్లలో ఉండే ఆర్ఓలు రుచి కోసం కొంత ఖనిజం తిరిగి కలుపుతాయి, టీడీఎస్ మీటరు పెడితే 50, 80 చూపిస్తుంది. రోజూ అది పోస్తూ పోతే ఆ ఖనిజాలన్నీ ట్యాంకులో పేరుకుంటాయి, వాటితో పాటు నాచు కూడా. చివర డీఐ రెసిన్ (నీటిలో మిగిలిన ఖనిజాలను పట్టేసే గుళికలు) ఉన్న యూనిట్ పెట్టుకుని సున్నా చూపించే నీళ్లు వాడండి. స్కిమ్మర్‌కి పెడదామనుకున్న ఏడు వేలు ముందు దానికి పెట్టండి. మిగిలితే ఒక రిఫ్రాక్టోమీటరు (ఉప్పదనం కొలిచే సాధనం), కరెంటు పోతే దానంతట అదే మొదలయ్యే బ్యాటరీ ఎయిర్ పంపు.

డోరీ సంగతి. ఆ చేప పెద్దదైతే అడుగు పొడవు ఉంటుంది. మీ ట్యాంకే రెండడుగులు. సముద్రంలో రోజంతా ఈదుతూ తిరిగే ప్రాణి అది. ఏ స్కిమ్మరూ దానికి ఈదే చోటు ఇవ్వలేదు. దయచేసి తీసుకురాకండి. మీ నీళ్లకి ఆ మూడు చేపలు చాలు.

హ్యామర్ విషయంలో ఇంకా గట్టిగా చెప్తున్నాను. అది రాతి పగడం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే పులిని పెట్టిన జాబితాలోనే, రాతి పగడాలన్నిటినీ 2001లో చేర్చారు. సముద్ర గుర్రాలను, సముద్ర దోసకాయలను కూడా అప్పుడే అందులో చేర్చారు. సముద్రం నుంచి తీసిన లైవ్ రాక్ అని అమ్మేది చాలాసార్లు పగడపు ముక్కే. మన్నార్ సింధుశాఖలో, అండమాన్‌లో, లక్షద్వీప్‌లో పగడపు దిబ్బలు ఇప్పటికే వేడికి తెల్లబడి చనిపోతున్నాయి. వాటి మీద ఇష్టంతో ట్యాంకు పెట్టుకున్న మనం అక్కడినుంచి ముక్క విరిచి తెచ్చినది కొనకూడదు. చేపలైనా హ్యాచరీలో పుట్టినవి అడిగి తీసుకోండి. క్లౌన్ ఫిష్‌ను మన దేశంలో హ్యాచరీలో పెంచే పద్ధతిని సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించారు.

స్కిమ్మర్ లేకుండా రీఫ్ నిలబడదనే మాట ఎక్కువగా అక్రోపోరా లాంటి రాతి పగడాలు పెంచే విదేశీ ట్యాంకుల నుంచి వచ్చింది. వాళ్ల అవసరం వేరు. మీకు ఉద్యోగరీత్యా ఊళ్లు తిరగాల్సి వచ్చి నెలకోసారి కూడా నీళ్లు మార్చలేని పరిస్థితి వస్తే, లేదా మూడు నాలుగడుగుల ట్యాంకుకి మారితే మళ్లీ రాయండి, ఏ సైజు స్కిమ్మర్ కొనాలో నేనే చెప్తాను. అన్నట్టు, బటన్ పాలిప్స్ ఉన్న రాళ్లను ఉత్త చేతులతో పట్టుకోకండి, కోసే పని అసలే వద్దు. కొన్నిటిలో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి.

ప్రశ్న: మూడడుగుల ట్యాంకు, కింద సంప్, అందులో స్కిమ్మర్. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కప్పు పొంగి మురికంతా సంప్‌లో పడుతోంది. ట్యాంకులో చెయ్యి పెట్టినా, మేత వేసినా నురగ మాయమవుతోంది. పాడైందా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పాడవలేదమ్మా. కరెంటు పోగానే పై ట్యాంకు, పైపుల నీళ్లు సంప్‌లోకి దిగి మట్టం పెరుగుతుంది. తిరిగి రాగానే స్కిమ్మర్ ఆ ఎత్తు నీళ్లలో ఒక్కసారిగా మొదలవుతుంది, అందుకే పొంగుతుంది. దాని ప్లగ్గుకి పది నిమిషాలు ఆలస్యంగా కరెంటు ఇచ్చే టైమర్ పెట్టండి. ఆలోపు రిటర్న్ పంపు నీళ్లను పైకి తోడేస్తుంది. కప్పు అడుగున చిన్న గొట్టం తగిలించే వీలుంటే దాన్ని బయట ఒక సీసాలోకి వదలండి. ఇన్వర్టర్ ఉంటే దాని మీద వేవ్ మేకర్‌ను పెట్టండి, స్కిమ్మర్‌ను కాదు.

చేతి జిడ్డు, మేతలోని నూనె నురగను విరగ్గొడతాయి. కొన్ని గంటల్లో తిరిగి వస్తుంది. ఈలోగా వాల్వు తిప్పకండి, నురగ తిరిగి వచ్చినప్పుడు పొంగుతుంది. కొత్త స్కిమ్మర్ అయితే సర్దుకోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది.

ప్రశ్న: మా ఇల్లు బీచ్ దగ్గరే. మెరైన్ సాల్ట్ కొనకుండా సముద్రం నీళ్లే వాడుకోవచ్చా?
— ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: మనది బంగాళాఖాతం. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి అన్నీ ఇందులోకే వస్తాయి. వర్షాలు ముగిసి అక్టోబరు, నవంబరు వచ్చేసరికి ఉత్తరం నుంచి ఆ మంచినీళ్లు మన తీరం వెంబడి కిందికి దిగుతాయి. ఆ రోజుల్లో ఒడ్డున ఉప్పదనం 30 కంటే తక్కువకు పడిపోవడం మామూలే. పగడాలకి 35 కావాలి. దానికి తోడు ఒడ్డు దగ్గర గెడ్డల నీళ్లు, బోట్ల డీజిలు కలుస్తాయి. వేసవిలో బోటు వాళ్లతో చెప్పి లోపలినుంచి తెప్పించుకోగలిగితే, రిఫ్రాక్టోమీటరుతో చూసి, రెండు వారాలు చీకట్లో మూసి ఉంచి, వడకట్టి వాడొచ్చు. ఒడ్డున ముంచిన నీళ్లయితే వద్దు. పది లీటర్లకి పట్టే సాల్ట్ ఖర్చు ఒక్క చేప ఖరీదు కంటే తక్కువే.