గుజ్జు సంగతి సరే, నడక ఎందుకు మానేశారు?

ప్రశ్న: నా వయసు 67. టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. రెండేళ్లుగా కుడి మోకాలు నొప్పి. ఎక్స్‌రే చూసి గుజ్జు అరిగిపోయిందన్నారు. ఇంకా అరుగుతుందేమోనని ఏడాదిగా నడక మానేశాను. ఆరు కిలోలు పెరిగాను, షుగరు అదుపు తప్పింది. బీపీ కూడా ఉంది. మందుల షాపులో అడిగి రోజూ ఒక నొప్పి మాత్ర వేసుకుంటున్నాను. గుజ్జు పెరిగే మాత్రలున్నాయట, వాడమంటారా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దమ్మా. అరిగిన గుజ్జును తిరిగి పెంచే మాత్ర ఇంతవరకు రాలేదు. ఆ డబ్బుతో మెత్తని అడుగున్న చెప్పులు కొనుక్కోండి.

మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది మోకాలు కాదు, ఆ రోజువారీ మాత్ర. షుగరు, బీపీ ఉన్నవారి మూత్రపిండాలకు చాలా నొప్పి మాత్రలు చేటు చేస్తాయి. బీపీని పెంచుతాయి, కడుపులో పుండ్లు తెస్తాయి. మోకాలు చూపించుకోవడానికి వచ్చి, మూత్రపిండాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ పెరిగిందని విని కుర్చీలో కూలబడినవారు నాకు గుర్తున్నారు. ఆ మాత్ర ఆపి, ఈ వారంలోనే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. మాత్రల అట్ట పట్టుకెళ్లి మీ డాక్టరుకు చూపించండి. మాత్ర బదులు పైపూత జెల్ సరిపోతుందేమో ఆయననే అడగండి.

ఇక గుజ్జు. అది బండి టైరు లాంటిది కాదు, తిరిగినకొద్దీ అరిగిపోవడానికి. దానికి రక్తనాళాలు లేవు. కాలు కదిలినప్పుడే కీలులోని జిగురు ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. కదలకపోతే తొడ కండరం చిక్కిపోయి, భారమంతా కీలు మీద పడుతుంది. పైగా ఒంట్లో ఒక్క కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులోనూ మోకాలిపై దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. మీ ఆరు కిలోలు ఎంతవుతాయో లెక్క వేసుకోండి, టీచరుగారు కదా!

నా ఎడమ మోకాలిదీ ఇదే కథ. రాత్రి వార్తలు చూస్తూ కుర్చీలోనే కాలు చాపి, బిగించి, ఐదు అంకెలు లెక్కపెట్టి దించుతాను. ఒక్కో కాలికి పదిసార్లు. మీరూ అలా మొదలుపెట్టి, సమతలమైన నేల మీద పది నిమిషాల నడకతో సాగండి. కాస్త నొప్పి ఉంటుంది, ఫరవాలేదు. మర్నాటికీ తగ్గకపోతే నడక తగ్గించండి, మానకండి. బాసింపట్టు, పీట మీద కూర్చుని కూరలు తరగడం మాత్రం వదిలేయండి. మోకాలు ఎర్రబడి, వేడెక్కి, వాచి, జ్వరం వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

చేతికర్ర వాడేటట్టయితే ఎడమ చేత్తో పట్టుకోండి. నొప్పి ఉన్న వైపే పట్టుకుని నడిచేవాళ్లే నాకు ఎక్కువగా కనబడుతుంటారు.