హితోమిని తీసేయమనకు

చిరంజీవికి,

ఆశీస్సులు. జపాన్ యానిమేషన్ సిరీస్ ఎస్కాఫ్లోన్ మీద నువ్వు రాసిన వ్యాసం చేరింది. రోబో యుద్ధాల గురించి రాసిన భాగం బాగుంది. అంత పెద్ద ఇనప మనిషి అడుగు తీసి అడుగు వేస్తుంటే ఉండే బరువు నీ వాక్యాల్లో తెలిసింది. ఆ తర్వాత మూడో పేజీకి వచ్చాను. కథానాయిక గురించి "హితోమి ప్రేమ గోల లేకపోతే ఎస్కాఫ్లోన్ గొప్ప మెకా (భారీ రోబోల) సిరీస్ అయ్యేది" అని రాశావు. అది చదివి కాగితాలు పక్కన పెట్టేశాను, మర్నాటి దాకా ముట్టుకోలేదు. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యానికి జవాబు. తెలుగులో రాయాలా ఇంగ్లీషులో రాయాలా, ఏ పత్రిక వేసుకుంటుంది, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. అవన్నీ ఇంకోసారి.

నువ్వు కోరుకున్న పని ఒకసారి నిజంగానే జరిగింది నాయనా. 2000లో అమెరికాలో ఫాక్స్ కిడ్స్ అనే పిల్లల టీవీ ఈ సిరీస్‌ని తీసుకుంది. మగపిల్లలు చూడాలని కథ మొత్తం రోబో నడిపే కుర్ర రాజు వాన్ వైపు తిప్పి, హితోమిని కుదించింది. మొదటి ఎపిసోడ్‌ని ఎత్తేసింది. యోకో కన్నో, హజిమె మిజోగుచి చేసిన సంగీతాన్ని కొన్నిచోట్ల తీసేసి టెక్నో మోత పెట్టింది. పది ఎపిసోడ్లకే ప్రసారం ఆగిపోయింది.

ఆ ఎత్తేసిన మొదటి ఎపిసోడ్‌లో ఏముందో గుర్తు తెచ్చుకో. స్కూలు గ్రౌండ్, పరుగుపందేల పిల్ల. తను ఇష్టపడ్డ సీనియర్ ఊరు విడిచి వెళ్ళిపోతున్నాడు. వంద మీటర్లు 13 సెకన్లలో పరిగెత్తితే నా మొదటి ముద్దు నువ్వే ఇవ్వాలి అని అడుగుతుంది. అడగడానికే ఆ పిల్లకి ప్రాణం పోయినంత పనవుతుంది. పరుగు మొదలవుతుంది. ఆ దారికి అడ్డంగా వెలుగు స్తంభంలోంచి వాన్ దిగుతాడు, వెనకే డ్రాగన్. ఆ డ్రాగన్ వాన్‌ని పొడిచేయడం హితోమికి ముందే కళ్ళకి కడుతుంది, అరిచి చెప్తుంది, అతను బతుకుతాడు. అతను డ్రాగన్‌ని చంపి దాని గుండెలోంచి రోబోని నడిపే ఎనర్జిస్ట్ రాయి తీస్తాడు. తర్వాత ఇద్దరూ గైయా అనే వేరే లోకానికి ఎగిరిపోతారు. ఇది తీసేస్తే ఆ పిల్ల ఏం పోగొట్టుకుని ఆ లోకానికి వచ్చిందో చూసేవాళ్ళకి తెలియదు. అది తెలియకపోతే గైయా ఆకాశంలో కనిపించే భూమి వాళ్ళకి ఇంకో చందమామ, అంతే.

ప్రేమ కథ యుద్ధానికి అడ్డం వచ్చిందని కదా నీ బాధ. శత్రువు అలా అనుకోలేదు చూడు. జైబాక్ చక్రవర్తి డోర్న్‌కిర్క్ విధిని మార్చే యంత్రం కట్టాడు. భవిష్యత్తు అతని లెక్కకి అందకుండా చేస్తున్నది హితోమి. అందుకని జైబాక్ వాళ్ళు ఆ పిల్ల మనసు వాన్ మీంచి ఆలెన్ అనే వీరుడి మీదికి తిప్పడానికి యంత్రాన్ని వాడతారు. వంతెన మీద ఆలెన్ ముద్దు పెట్టుకోవడం, వాన్ అది చూడటం, అదంతా యుద్ధ వ్యూహమే. ఒక సామ్రాజ్యం తన బలగాన్నంతా పక్కన పెట్టి పదిహేనేళ్ళ పిల్ల మనసు మీద దాడి చేస్తుంటే నువ్వు దాన్ని గోల అని ఒక్క మాటతో కొట్టేశావు.

మిలెర్నా పెళ్ళి గురించి నీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. డ్రైడెన్‌ని చేసుకోనా వద్దా, జోస్యం కార్డులు చూసి చెప్పు అని రాజకుమారి హితోమిని అడుగుతుంది. కార్డులు మంచివి పడలేదు. మిలెర్నా ఆలెన్‌ని ప్రేమిస్తోందని హితోమికి తెలుసు, తనకీ ఆలెన్ మీద మనసుంది. అబద్ధం చెప్తుంది, చేసుకోమంటుంది. హీరోయిన్ అసూయతో అబద్ధం చెప్పింది నాయనా, అదీ తనని నమ్మి వచ్చిన స్నేహితురాలికి. ఏ కత్తియుద్ధం దగ్గరా నాకు అంత టెన్షన్ రాలేదు. ఆ తర్వాత నుంచి హితోమి జరగబోయేది కనిపించే తన చూపుకే భయపడుతుంది. తను భయపడటం వల్లే చెడు జరుగుతోందా అన్న అనుమానం మొదలవుతుంది. సిరీస్‌కి గుండెకాయ అదే.

నాకు ఇంత కోపం ఎందుకొచ్చిందో చెప్తాను. నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక వారపత్రికకి రైసుమిల్లు సమ్మె మీద సీరియల్ ఇచ్చాను. అందులో ఒక కూలీ కూతురుంది. ఆ పిల్ల పెళ్ళి కోసమే తండ్రి సమ్మె విడిచి పనిలోకి వెళ్ళిపోతాడు. "సమ్మె కథలో ఈ పిల్ల ప్రేమ ఎందుకమ్మా" అన్నాడు ఎడిటర్. ఉండాలన్నాను. అచ్చయిన సంచికలు చూస్తే ఆ అధ్యాయాలే లేవు, నాకు ఒక్క మాట చెప్పలేదు. ఆ తండ్రి అంత నీతిలేనివాడా అని పాఠకులు ఉత్తరాలు రాశారు. నీతిలేనివాడు కాదు, కూతురున్నవాడు. ఆ కూతుర్ని ఎడిటర్ కత్తిరించాడు. అప్పట్లో సమ్మెలు, యుద్ధాలు, రాజకీయాలు సాహిత్యం. ప్రేమ, పెళ్ళి, భయం ఆడవాళ్ళ కాలక్షేపం. ఇప్పుడు ఆ మాట వేషం మార్చుకుంది. చీకటిగా, క్రూరంగా ఉంటే సీరియస్ అంటున్నారు, మనసు కనిపిస్తే బలహీనత అంటున్నారు. నీ వయసువాడి కలంలో ఆ పాత ఎడిటర్ గొంతు వినిపించేసరికి తట్టుకోలేకపోయాను.

ఈ సిరీస్ పుట్టుకలోనే ఈ గొడవ ఉంది. ఇదే కథని మగపిల్లల పత్రికలో ఒక మాంగాగా (బొమ్మల కథగా), ఆడపిల్లల పత్రికలో ఇంకో మాంగాగా విడివిడిగా వేశారు. 1996లో సన్‌రైజ్ స్టూడియో తీసిన టీవీ సిరీస్ మాత్రం రెంటినీ ఒకే కథలోకి తెచ్చింది. షోజి కవమోరి అనుకున్న కథలోకి కజుకి అకానె దర్శకుడిగా వచ్చాక ఆడపిల్లల కథల ధోరణి పెరిగింది. మొదట పొడవాటి జుట్టుతో గీసిన హితోమి పొట్టి జుట్టు పరుగుల పిల్ల అయింది. మాయా సకమోతో ఆ పిల్లకి గొంతు ఇచ్చేనాటికి తనకీ పదహారేళ్ళే. ఆ గొంతులో ఉన్న తడబాటు అందుకే అంత నిజంగా ఉంటుంది.

నీ వ్యాసంలో ఎడమ పక్క బలాలు, కుడి పక్క బలహీనతలు, కింద పదికి ఎనిమిదిన్నర మార్కులు. మంచి కథలో బలం, బలహీనత ఒకే చోట పుడతాయని నా నమ్మకం. ఇన్నేళ్ళుగా దీనికోసం అందరితోనూ పోట్లాడుతున్నాను. వేగం బాగుందని ఎడమ పక్క రాశావు, ముగింపు హడావుడి అని కుడి పక్క రాశావు. 39 ఎపిసోడ్లనుకున్న కథ 26కి కుదిరింది. కథ వదులుకోకుండా బిగించారు. అందుకే రెండో ఎపిసోడ్‌కే వాన్ రాజ్యం ఫనేలియా తగలబడిపోతుంది, మనం ఊపిరి తీసుకోలేం. అందుకే చివర్లో, జైబాక్ సైన్యంలో అంత క్రూరుడైన డిలాండౌ నిజానికి ఆలెన్ తప్పిపోయిన చెల్లెలు సెలెనా అని తేలాక ఆ దుఃఖం పడటానికి కథకి తీరిక లేదు. చిన్నప్పుడే ఎత్తుకుపోయి మనిషినే మార్చేసిన పిల్ల అది. ఇంకో సిరీస్ అయితే దాని మీదే సగం నడిపేది. ఇక్కడ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఆ లోపం నన్నూ బాధపెట్టింది.

హితోమి విషయమూ అంతే. మనసు విధిని కదిలిస్తుందని కథ మొదట్లోనే ఒప్పుకుంది కాబట్టే ప్రతి యుద్ధం మన గుండెకి తగిలింది. అదే ఒప్పందం వల్ల ముగింపు తేలిపోయింది. దేశాలు దేశాలు కలబడ్డాయి, బాస్రమ్ అనే దేశం వాళ్ళు ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టే బాంబు వేశారు. అంత యుద్ధం వాన్, ఆలెన్ కత్తులు దించగానే సర్దుకుంటుంది. మిగతా సైనికుల కోపం ఎక్కడికి పోయింది? నువ్వు ఈ ప్రశ్న అడిగావు, సరైన ప్రశ్న. దానికి మందు హితోమిని తీసేయడం అన్నావు చూడు, అక్కడే దారి తప్పావు. పులిహోరలో ఉప్పు ఎక్కువైందని చింతపండు పారబోస్తామా?

డోర్న్‌కిర్క్ అసలు ఐజాక్ న్యూటన్ అని తేలడం నీకు వెర్రిగా అనిపించిందన్నావు. నాకు నచ్చింది. ఆపిల్ పండుని లాగే శక్తి మనుషుల్ని కూడా ఎటో లాగుతుందా అని ముసలితనంలో ఆలోచించే మనిషి అతను. ఇక దాని గురించి నీతో వాదించను.

ఇప్పుడు చేయాల్సింది. మార్కులు తీసేయ్, రెండు పక్కల పట్టిక తీసేయ్. మిలెర్నా కార్డులు చూపించుకున్న చోట మొదలుపెట్టు. అక్కణ్ణించి నీకు ఇష్టమైన రోబో దగ్గరికి వెళ్ళు. వాన్ తన రక్తంతో ఎస్కాఫ్లోన్‌ని లేపాడు కదా, ఆ ఒప్పందం వల్ల దానికి తగిలిన దెబ్బలు అతని ఒంటి మీద తేలతాయి. దాన్ని తయారుచేసిన ఇస్పానో తెగ వాళ్ళు వచ్చి యంత్రాన్ని బాగుచేస్తే గానీ మనిషి బతకడు. అంటే నీకు నచ్చిన ఆ ఇనుములోనూ నెత్తురుంది. ఆ ఎపిసోడ్లు మళ్ళీ చూసి, అతని గాయాలు, హితోమి భయం ఎక్కడెక్కడ కలుస్తున్నాయో రాయి. నీ అభిప్రాయం తర్వాత చెప్పవచ్చు, ముందు చూసింది చూసినట్టు పెట్టు.

రెండో ప్రతి నాకే పంపు. పత్రికలకి ఇప్పుడే పంపకు. పంపినా, ఎవరైనా హితోమి పేరాలు కుదించమంటే ఒప్పుకోకు.

మీ ఇంట్లో పెద్దలకి నమస్కారాలు చెప్పు.