పదిహేనుకి బోనస్ ఎందుకు లేదు

విజయనగరం

తమ్ముడూ,

శ్రీకాకుళం నుంచి నువ్వు పంపిన వ్యాసం చేరింది. చదివించే గుణం ఉంది. కానీ పాచికలు వేసి వీరుల పాత్రలు ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట పాత పట్టికలు రాసినవాళ్ళకి లెక్కలు రావని ఒక్క ముక్కలో తేల్చేశావు చూడు, అక్కడ ఒళ్ళు మండింది.

నువ్వు వేశావా లెక్క? పాత్రకి బలం లాంటి గుణాల స్కోర్ మూడు పాచికలు వేసి, వచ్చిన మొత్తంతో తేలుస్తారు. ఆ మూడు పాచికలు 216 రకాలుగా పడతాయి. 18 పడేది ఒక్క రకంగానే. 9 నుంచి 12 లోపు పడేవి 104, దాదాపు సగం. 1981లో వచ్చిన ఆ ఆట బేసిక్ పుస్తకం ఆ సగానికి బోనస్, అంటే ఆటలో పైన కలిపే అంకె, ఏమీ ఇవ్వలేదు. 13 నుంచి 15 వరకు ఒకటి, 16, 17లకు రెండు, 18కి మూడు. ఎంత అరుదైతే అంత విలువ. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ స్కోర్‌లోంచి పది తీసేసి సగం చేయమంది. నోటిలెక్కకి హాయి, నీకు నచ్చిందీ అదే. కానీ ఏ అంకె ఎంత అరుదుగా పడుతుందో ఆ సూత్రానికి పట్టదు. పాచికలు పక్కన పెట్టుకోకుండా పట్టిక గురించి రాయకు. ఈ మాట ఎక్కడైనా అంటాను. చాదస్తం అంటారు, అననీ.

నాలుగో పేజీలో మీ హాస్టల్ కుర్రాడున్నాడు. బలం 15 పడిందని గంతేసి, 1978 నాటి అడ్వాన్స్‌డ్ అనే వేరే పుస్తకం పట్టికలో వేలు పెట్టి చూసుకుని, దెబ్బకి ఏమీ కలవదని తెలిసి పెన్సిల్ విసిరేశాడు. వ్యాసం అక్కడ మొదలవ్వాలి! ముందున్న మూడు పేజీల ఉపోద్ఘాతం ఎవరిక్కావాలి? ఆ పట్టికలో 16కి కూడా దెబ్బలో ఒక్కటే కలుస్తుంది. పిసినారితనమే. అయితే 1979లో ఆ ఆట సృష్టికర్తల్లో ఒకడైన గైగాక్స్ నాలుగు పాచికలు వేసి చిన్నది తీసేయమన్నాడు. అలా వేస్తే 18 పడే అవకాశం మూడున్నర రెట్లవుతుంది. ఇప్పుడు చెప్పు, లెక్కలు రానిదెవరికి?

మా రోజుల్లో గంటస్తంభం దగ్గర ఎక్కడ అడిగినా లూడో పాచికలే ఇచ్చేవారు. ఆటకి కావలసిన ఇరవై ముఖాల పాచిక దొరక్క, పాత క్యాలెండర్ అంకెలు కత్తిరించి హార్లిక్స్ సీసాలో వేసి తీసేవాళ్ళం. 20 చీటీ నలిగి నలిగి చేతికి తెలిసిపోయేది. కొత్తది రాసేదాకా గొడవే. ఇదంతా ఓ వారపత్రికకి రాస్తే, పట్టిక చూస్తే పాఠకులు పేజీ తిప్పేస్తారని ఎడిటర్‌గారు పట్టిక పీకేసి కత్తి బొమ్మ వేయించారు. బోనస్ ఎంతో లేదు, కత్తి మాత్రం అర పేజీ. నీకూ అలాంటివాళ్ళు తగులుతారు. పట్టిక వదలకు.

పారితోషికం సంగతి మరోసారి.

అన్నట్టు, ఆ 1978 పట్టికలో యోధుడికి బలం 18 పడితే మళ్ళీ శాతం పాచికలు, అంటే ఒకటి నుంచి వంద దాకా అంకె ఇచ్చేవి, వేస్తారు కదా. అక్కడ 18/00ని నువ్వు సున్నాగా చదివి ఓ పేరా నిండా వెక్కిరించావు. 00 అంటే వంద. ఆ యోధుడి దెబ్బకి ఆరు కలుస్తుంది. ఆ పేరా తీసెయ్.