కోరెల్‌లో గీసిన తెలుగు నేమ్‌ప్లేట్ ఆటోక్యాడ్‌లోకి వెళ్లాక అవుట్‌లైన్ ముక్కలవుతోంది, ఏం చేయాలి?

మీ సమస్య అర్థమైందండి. కోరెల్‌లో ఇంటి పేరు తెలుగులో పెట్టి చుట్టూ తీగ బోర్డరు గీశారు, డీఎక్స్‌ఎఫ్ (ఒక డ్రాయింగ్ ప్రోగ్రాం నుంచి ఇంకోదానికి పంపే ఫైల్ రకం) చేసి ఆటోక్యాడ్‌లో తెరిస్తే అంతా చిన్న చిన్న ముక్కలు, కటింగ్ షాపు వాళ్లు చూసి ఓపెన్ కాంటూర్లు (కొసలు కలవని అవుట్‌లైన్లు) ఉన్నాయని ఫైల్ వెనక్కి పంపారు. నేను సైన్‌బోర్డులు, స్టెయిన్‌లెస్ స్టీల్ జాలీల ఫైళ్లు రెడీ చేసే పనిలోనే ఉన్నాను కాబట్టి ఇది రోజూ చూసేదే. కోరెల్ గీసే వంపు గీతల్ని బెజియర్ కర్వ్‌లంటారు, డీఎక్స్‌ఎఫ్‌లో అలాంటిది విడిగా ఏదీ ఉండదు, అందుకని ఎక్స్‌పోర్ట్ చేసే ప్రోగ్రాం ఆ కర్వ్‌ని స్ప్లైన్‌గానో (ఇంకో రకం నునుపైన వంపు గీత), చిన్న గీతల పాలీలైన్‌గానో (ముక్కలు కలిపిన ఒకే గీత) మార్చేస్తుంది, తెరిచే ప్రోగ్రాం దాన్ని మళ్లీ తనకి తోచినట్టు చదువుకుంటుంది. కాబట్టి ఆ మార్పేదో మనమే చేసి, గీతలు, ఆర్క్‌లు (సర్కిల్ ముక్కలు) మాత్రమే ఉన్న, కొసలు కలిసిన క్లోజ్డ్ పాలీలైన్లు పంపాలి.

ముందు అక్షరాల సంగతి చూడండి, తెలుగు పనుల్లో సగం గొడవ అక్కడే. చాలా ఫాంట్లలో వత్తులు, కొన్ని గుణింతాలు విడి ముక్కలుగా ఉండి అక్షరం మీదకి వచ్చి కూర్చుంటాయి. స్క్రీన్ మీద నలుపు రంగు నింపి ఉంటుంది కాబట్టి ఒకే అక్షరంలా కనిపిస్తుంది, ఫిల్ తీసేసి అవుట్‌లైన్ మాత్రమే పెట్టి చూడండి, వేంకటేశ్వర అన్న పేరులో శ కింద ఉన్న వ వత్తు గీత శ లోపలికి దూరిపోయి ఉండొచ్చు. లేజర్ ఆ గీతలన్నిటి మీదా నడుస్తుంది, వత్తు ఊడి చేతికొస్తుంది. అందుకే కోరెల్‌లోనే టెక్స్ట్‌ని కన్వర్ట్ టు కర్వ్స్ చేశాక ఒక్కో అక్షరాన్ని వెల్డ్ చేయండి, అంటే దాని ముక్కలన్నీ కలిసి ఒకే అవుట్‌లైన్ కావాలి (ఇంక్‌స్కేప్ ప్రోగ్రాం అయితే పాత్ మెనూలో యూనియన్). ఇంకోటి, అక్షరాలు ప్లేటులోంచి తొలిచేసే పనైతే సున్న లోపలి చుక్క, ర లోపలి గుండ్రం రాలిపడిపోతాయి, వాటిని ప్లేటుతో పట్టి ఉంచే సన్నటి బ్రిడ్జిలు ఇవ్వాలి. అక్షరాలే విడిగా కోసి అతికించే పనైతే దీనికి ఎదురు, ప మీద తలకట్టు విడిగా వచ్చేస్తుంది, అతికించేవాళ్లకి దాని చోటు తెలిసేలా పూర్తి సైజు ప్రింట్ ఒకటి ఇవ్వండి.

ఇక తీగ బోర్డరు. అది ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మని ట్రేస్ చేసిందైతే నోడ్‌లు (గీత మీది పాయింట్లు) వేలల్లో ఉంటాయి, కోరెల్‌లో రెడ్యూస్ నోడ్స్, ఇంక్‌స్కేప్‌లో సింప్లిఫై, ఏదో ఒకటి కొట్టి తగ్గించండి, కానీ ఆకుల కొసలు మొండిగా అవుతున్నాయేమో చూసుకుంటూ చేయండి. ఎన్ని ముక్కలు చాలు అంటే ఒక లెక్క చెప్తాను: 100 మిల్లీమీటర్ల రేడియస్ సర్కిల్‌ని గీతలుగా మారిస్తే, అసలు వంపుకీ గీతకీ 0.05 మిల్లీమీటర్ తేడా దాటకుండా ఉండటానికి దాదాపు 100 ముక్కలు సరిపోతాయి, 0.01 కావాలంటే 220 దాకా. అంతకుమించి ఉన్నవన్నీ మెషీన్‌ని ప్రతి మూలా ఆపి ఆపి నడిపిస్తాయి, అంచు గరుకుగా వస్తుంది.

ఆటోక్యాడ్‌లోకి వచ్చాక నేను చేసే వరస ఇది. మొదట ఫ్లాటెన్ (అన్నిటినీ ఒకే ఎత్తుకి తెచ్చే కమాండ్), ఎందుకంటే జెడ్ ఎత్తులో కొంచెం తేడా ఉన్నా రెండు కొసలు పైనుంచి చూస్తే కలిసే ఉన్నట్టుంటాయి కానీ జాయిన్ అవ్వవు. తర్వాత ఓవర్‌కిల్, ఒకదాని మీద ఒకటి పడ్డ గీతలు పోవాలి, లేకపోతే అదే దారిలో రెండుసార్లు కోసి అంచు మాడిపోతుంది. స్ప్లైన్లు ఉంటే ప్లైన్‌కన్వర్ట్‌మోడ్ (PLINECONVERTMODE) అనే సెట్టింగ్‌ని 1 చేసి పెడిట్ (PEDIT, పాలీలైన్లు మార్చే కమాండ్) కొట్టండి, అప్పుడు గీతలుగా కాకుండా ఆర్క్‌లుగా మారుతుంది, ఫైల్ చాలా తేలికవుతుంది. ఆ తర్వాత పెడిట్‌లో మల్టిపుల్, జాయిన్, ఫజ్ డిస్టెన్స్ (కొసల మధ్య ఎంత గ్యాప్ వరకూ కలపాలన్నది) 0.01తో మొదలుపెట్టి కలవకపోతే కొంచెం కొంచెంగా పెంచండి, ఒకేసారి 1 మిల్లీమీటర్ ఇస్తే సన్నటి మూలలు మింగేస్తుంది.

క్లోజ్ అయ్యిందా లేదా అన్నది కంటితో తేల్చకండి. ప్రాపర్టీస్‌లో క్లోజ్డ్ దగ్గర ఎస్ అని ఉండాలి. ఇంకా అనుమానముంటే హ్యాచ్ (అవుట్‌లైన్ లోపల గీతలు నింపే కమాండ్) కొట్టండి, బౌండరీ దొరకకపోతే గ్యాప్ ఉన్న కొసల దగ్గర ఎర్ర సర్కిళ్లు చూపిస్తుంది (2010 వెర్షన్ నుంచి ఉంది), కాకపోతే హెచ్‌పీగ్యాప్‌టాల్ (HPGAPTOL, హ్యాచ్ పట్టించుకోకుండా వదిలేసే గ్యాప్) విలువ 0 ఉందో లేదో ముందు చూసుకోండి, అది పెరిగి ఉంటే గ్యాప్ ఉన్నా హ్యాచ్ పడిపోతుంది.

షాపు సాఫ్ట్‌వేర్ పాతదైతే ఆర్12 (ఆటోక్యాడ్ రిలీజ్ 12) డీఎక్స్‌ఎఫ్‌గా సేవ్ చేసి ఇవ్వండి. అది 1992 నాటి ఫార్మాట్, స్ప్లైన్, ఎలిప్స్ ఎంటిటీలు అందులో లేవు, 1994లో ఆర్13తో వచ్చాయి. కాబట్టి ఆర్12లోకి వెళ్లిన అలాంటి కర్వులన్నీ పాలీలైన్లు అయిపోతాయి, దాదాపు ఏ మెషీన్ అయినా చదువుతుంది. సేవ్ చేశాక ఆ ఫైల్‌ని మీరే మళ్లీ తెరిచి చూడండి. షాపులో ఆర్క్ ఉండాల్సిన చోట తిన్నగా గీత కనిపిస్తోంది అంటే వాళ్ల ప్రోగ్రాం పాలీలైన్‌లోని బల్జ్ (ముక్క ఎంత వంగాలో చెప్పే) విలువని చదవట్లేదు, అప్పుడు మాత్రం పైన చెప్పిన లెక్కతో చిన్న గీతలుగా మార్చి ఇవ్వక తప్పదు.

సైజు తేడా వస్తే కంగారు పడక్కర్లేదు, 25.4 రెట్లు పెరిగినా తగ్గినా అది ఇంచులు మిల్లీమీటర్ల గొడవే, ఇన్‌స్‌యూనిట్స్ (INSUNITS, డ్రాయింగ్ యూనిట్ సెట్టింగ్) 4, అంటే మిల్లీమీటర్లు పెట్టి సేవ్ చేయండి, ఒక పక్క కొలత షాపు వాళ్లకి ఫోన్లో కూడా చెప్పండి.

ఇవన్నీ చేశాక కూడా ఓపెన్ అంటుంటే ప్లేటు మందం ఎంతో, తొలిచే పనో అతికించే పనో, ఏ ఫాంట్ వాడారో కింద రాయండి, చూసి చెప్తాను.