రెండో తీగ మీద అంతర గాంధారం

అడిగిన ప్రశ్న: "కీబోర్డ్ నేర్చుకుంటున్నాను. మా సార్ హార్మోనియం వాయిస్తూ కొన్ని స్వరాల దగ్గర ఆగి కళ్లు మూసుకుంటారు. వాద్యం వాయించేవాళ్లకు ఇష్టమైన స్వరం అంటూ ఉంటుందా? నాకైతే అన్ని కీలూ ఒకేలా అనిపిస్తున్నాయి."

ఉంటుంది. నేను హనుమకొండలోనే వయొలిన్ నేర్చుకున్నాను, ఇప్పుడు సాయంత్రాలు పిల్లలకు నేర్పుతున్నాను. నాకు ఇష్టమైనది రెండో తీగ మీద మధ్యవేలితో పట్టే అంతర గాంధారం, అంటే సరిగమల్లోని గ, అందులో పై రకం. స్వరం పేరుతో పాటు తీగ, వేలు కూడా ఎందుకు చెప్తున్నానంటే, అదే గాంధారం వేరే తీగ మీద వాయిస్తే నాకు అంత ఇష్టం కలగదు.

మన సంగీతంలో వయొలిన్ నాలుగు తీగల్నీ స, ప, స, ప అని శ్రుతి చేస్తాం. లావుగా ఉండే నాలుగో తీగ మంద్ర షడ్జమం (కింది స్థాయి స), సన్నగా ఉండే మొదటి తీగ మధ్యస్థాయి పంచమం (ప). అంటే షడ్జమానికీ పంచమానికీ సొంత తీగలున్నాయి. రెండో తీగ మీద చిటికెన వేలితో పంచమం సరిగ్గా పట్టి కమాను లాగితే, ఎవరూ ముట్టుకోని మొదటి తీగ దానంతటదే కదులుతుంది. చిన్న కాగితం ముక్కను మడిచి ఆ తీగ మీద పెట్టండి, ఎగిరి పడుతుంది. మా పిల్లలకు శ్రుతి అంటే ఏమిటో ఇలాగే చూపిస్తాను. వేలు కొంచెం పక్కకు పోయిందా, కాగితం ఉలకదు పలకదు.

గాంధారానికి అలాంటి తీగ లేదు. అయినా అది తంబూరాలో ఉంది! తంబూరాకు ఉండేవి పంచమం, రెండు షడ్జమాలు, మంద్ర షడ్జమం మాత్రమే. కానీ మంద్ర షడ్జమం తీగను మీటి ఊరుకుంటే, కాసేపటికి పైనెక్కడో సన్నగా గాంధారం వినిపిస్తుంది. తీగ మొత్తంగా కదులుతూనే రెండు భాగాలుగా, మూడు భాగాలుగా, అలా అయిదు భాగాలుగా కూడా కదులుతుంది. ఆ అయిదో భాగం ఇచ్చే నాదమే అంతర గాంధారం. ఎవరూ మీటకుండా పుట్టింది కాబట్టి స్వయంభూ గాంధారం అంటారు. బ్రిడ్జి మీద తీగ కింద పెట్టే నూలుపోగు సరైన చోట కుదిరితే అది ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. మా గురువుగారు పాఠం మొదలుపెట్టే ముందు మమ్మల్ని చాలాసేపు ఊరికే తంబూరా విననిచ్చేవారు. "గాంధారం వినపడిందా?" అని అడిగి, వినపడింది అన్నాకే కమాను పట్టుకోనిచ్చేవారు. నాకు ఆ స్వరం మీద ప్రేమ అక్కడే మొదలైంది.

వేలికి మాత్రం అది తేలిగ్గా దొరకదు. అందరూ మొదట నేర్చుకునే మాయామాళవగౌళ రాగంలో శుద్ధ రిషభం (కింది రకం రి) నుంచి అంతర గాంధారానికి చాలా దూరం. వేలు బాగా చాచాలి. మళ్లీ గాంధారం నుంచి మధ్యమానికి దూరమే లేదు, రెండు వేళ్లూ ఒకదానికొకటి తగులుతాయి. పిల్లలు మొదట తడబడేది ఇక్కడే. కుదిరిన రోజున వాళ్ల ముఖం చూడాలి. వయొలిన్ లోపలి నుంచి ఇంకెవరో గొంతు కలిపినట్టు ఉంటుంది. నిజంగానే నాలుగో తీగ కొద్దిగా గొంతు కలుపుతుంది కూడా, ఎందుకంటే దాని అయిదో భాగంలో ఉన్నది ఈ స్వరమే.

రాగం మారితే ఇష్టం కూడా మారుతుంది. కళ్యాణిలో ఆ గాంధారం మీద ఎంతసేపైనా నిలబడొచ్చు. సహానలో అదే పేరున్న స్వరాన్ని కాస్త కిందికి, వాలుగా పట్టాలి. తోడిలోని సాధారణ గాంధారమైతే (ఇది అంతర గాంధారం కంటే కింద ఉండే గ) ఒకచోట నిలబడనే నిలబడదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతూనే ఉంటుంది. తోడి గాంధారమే తన ప్రాణం అనే వైణికురాలు ఒకామె నాకు తెలుసు. వీణ మీద ఆ తీగను పక్కకు లాగినప్పుడు వేలి కింద తెలిసే బిగువు కోసమే ఆ రాగం వాయిస్తానంటుంది.

వేణువు వాయించే మిత్రుడికి మంద్రస్థాయి పంచమం ఇష్టం. కింది స్వరాలకు గాలి మెత్తగా, వెడల్పుగా వదలాలి. కొంచెం గట్టిగా ఊదితే పైస్థాయికి ఎగిరిపోతుంది. అతనికి ఆ నిదానం ఇష్టం.

తాళవాద్యాలకు స్వరమేమిటి అనుకోకండి. మృదంగం కుడివైపు మూతను షడ్జమానికి శ్రుతి చేస్తారు. మామూలు చర్మం మీద కొడితే వచ్చే నాదాలు ఒకదానితో ఒకటి కలవవు. మధ్యలో వేసే కరణి అనే నల్లటి పూత వల్ల అవి తీగ నాదాల్లా వరుసకు వస్తాయి. ఈ సంగతిని సి.వి. రామన్ 1920లోనే రాశారు. అందుకే మృదంగం వాళ్లు చాపు అనే దెబ్బ మోగించి, అది ఆరిపోయేదాకా చెవి అటే పెట్టి వింటారు. బతుకమ్మకు మా వాడకు డప్పు కొట్టడానికి వచ్చే ఒక పెద్దాయనను కూడా ఇదే అడిగాను. "మబ్బు పట్టిన దినం ఎంత కొట్టినా పలుకది బిడ్డా. మంట కాడ కాపినంక మొదటి దెబ్బ వినాలె, అదే నాకు పానం" అన్నాడు. తేమకు సడలిన చర్మం వేడికి బిగిసి ఖంగుమనే ఆ మొదటి దెబ్బ ఆయనకిష్టమైన స్వరం. నా గాంధారం కంటే అది ఏ రకంగానూ తక్కువది కాదు.

ఇన్ని చెప్పాక నాకు అర్థమైంది ఒకటే. వాయించేవాళ్లకు ఇష్టమయ్యేది వాద్యం తనంతట తాను బదులు పలికే చోటు. మీకు అన్ని కీలూ ఒకేలా అనిపించడానికి కారణం కూడా ఇక్కడే ఉండొచ్చు. కీబోర్డులో స్థాయిని, అంటే స నుంచి పై స దాకా ఉన్న దూరాన్ని, 12 సమాన భాగాలు చేసి పెడతారు. దాంతో గాంధారం తంబూరాలో పుట్టే గాంధారం కంటే 14 సెంట్లు ఎక్కువగా పడుతుంది. పక్కపక్క కీల మధ్య దూరం 100 సెంట్లు అనుకుంటే అందులో 14 అన్నమాట. చిన్న తేడాయే, కానీ తంబూరా శ్రుతితో కలిపి వింటే నాదం సన్నగా అల్లాడుతుంది.

ఒక పని చేయండి. ఫోన్‌లో తంబూరా యాప్‌ను సి శ్రుతికి పెట్టి, సి కీని షడ్జమంగా తీసుకుని, గాంధారమైన ఇ కీని నొక్కి పట్టుకోండి. ఆ అల్లాట వినండి. కొన్ని కీబోర్డుల్లో ఒక్కో కీ శ్రుతిని విడిగా మార్చుకునే స్కేల్ ట్యూనింగ్ ఉంటుంది. మీ దాంట్లో ఉంటే ఇ కీని 14 సెంట్లు తగ్గించి మళ్లీ నొక్కండి. మెత్తగా, ఎక్కువసేపు నిలిచే శబ్దం ఎంచుకోండి, పియానో శబ్దం వద్దు, అది తొందరగా ఆరిపోతుంది. తర్వాత జి కీని కూడా ఇలాగే పోల్చి చూడండి. పంచమంలో తేడా 2 సెంట్లే కాబట్టి అక్కడ మార్చాల్సింది దాదాపు ఏమీ ఉండదు.