ఆ నోటుబుక్కుల జోలికి వెళ్ళకండి

ప్రశ్న: గట్టు తగాదాలో జరిగిన హత్య కేసులో మా నాన్నకి యావజ్జీవం పడింది. రాజమండ్రి సెంట్రల్ జైల్లో 16 ఏళ్ళు ఉండి పోయిన ఏడాది ఇంటికొచ్చారు. జైలుకెళ్ళినప్పుడు నాకు 12 ఏళ్ళు. మూడుసార్లు ములాఖత్‌కి వెళ్ళి తర్వాత మానేశాను. ఇప్పుడాయన రాత్రి రెండింటిదాకా నోటుబుక్కుల్లో జైలు సంగతులు రాస్తారు, ఏడుస్తారు. దొంగచాటుగా చదివితే ‘పెద్దాడు ఈ నెలా రాలేదు’ అని ఉంది. చెల్లికి సంబంధాలు చూస్తున్నాం. టెన్షన్‌గా ఉంది. అవి కాల్చేస్తే తప్పా?

జవాబు: తప్పే. చెల్లి పెళ్ళి సంగతంటారా, ఊరందరికీ తెలిసింది నోటుబుక్కు వల్ల కొత్తగా బయటపడదు. సంబంధం వాళ్ళకి పెళ్ళిచూపులకు ముందే మీరే చెప్పేయండి.

బాబూ, జైల్లోంచి ఉత్తరం వెళ్ళాలంటే ముందు అధికారులు చదవాలి. ఇన్నేళ్ళూ మీ అమ్మకి ఆయన రాసిన ప్రతి మాటా ముందు పరాయివాళ్ళ కళ్ళబడింది. తనకోసం తాను రాసుకుంటున్నది ఇప్పుడే. దాన్నీ మీరు చాటుగా చదివారు. నాకు కష్టంగా అనిపించింది.

ఏడుపుకి కంగారుపడకండి. 1986లో అమెరికాలో పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ పిల్లలతో, మనసులో దాచుకున్న బాధను రోజుకు 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు రాయించారు. రాసిన వెంటనే వాళ్ళకి దిగులు పెరిగింది. తర్వాతి నెలల్లో మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్ళడం తగ్గింది. అయితే మీ నాన్నగారు అసలు నిద్రపోకపోయినా, బతకాలని లేదన్నా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడికి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

జైలు సంగతులు రాయడానికి ఆయనేమన్నా కవా, నాయకుడా అనుకోవద్దు. తెలంగాణ రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ కథల్లో రాసింది మామూలు ఖైదీల బతుకులే. చేసిన నేరం నేరమే, పోయినవాడికీ ఒక ఇల్లుంది. ఆ మాట మీ నాన్నగారు ఎవరితో చెప్పుకోగలరు? కాగితం మీదైనా పెట్టనివ్వండి. ఎప్పుడైనా అచ్చు వేస్తానంటే అప్పుడు అవతలివాళ్ళ పేర్లు మార్చమని అడగండి.

మిమ్మల్ని భయపెడుతున్నది చెల్లి పెళ్ళి కాదు, ‘పెద్దాడు రాలేదు’ అన్న ఆ ఒక్క వాక్యం. పన్నెండేళ్ళ పిల్లాడు జైలు గేటు దగ్గర బెదిరిపోతే తప్పు వాడిది కాదు. కానీ ఇప్పుడు మీకు 28 ఏళ్ళు దాటాయి. ఇన్ని నెలలుగా ఒకే ఇంట్లో ఉంటూ ఆయనతో ఆ మాట ఎత్తలేదు, నాకు మాత్రం ఉత్తరం రాశారు.

ఈ రాత్రి ఆయన రాసుకునేటప్పుడు వెళ్ళి పక్కన కూర్చోండి. చాటుగా చదివానని ఒప్పుకోండి. నాలుగోసారి ఎందుకు రాలేకపోయారో చెప్పండి.