జర్మనీలో ఇళ్ల ముందు ఫుట్‌పాత్‌లో కనిపించే చిన్న ఇత్తడి పలకలు ఏమిటి?

అవి నాజీల హింసకు గురైనవారి పేర్లు చెక్కిన స్మారక ఫలకాలు. వీటిని స్టోల్‌పర్‌స్టైన్ అంటారు. గుంటర్ డెమ్నిగ్ అనే జర్మన్ కళాకారుడు 1992లో కొలోన్‌లో మొదటిది పెట్టాడు. 2023 నాటికి యూరప్ అంతటా కలిపి లక్ష దాటాయి.

ఊరి మధ్య ఒక్క పెద్ద స్తూపం కట్టకుండా ఇలా ఇంటి ముందు పెట్టడానికి కారణం ఉంది. నాజీల నిర్బంధ క్యాంపుల్లో చంపేసిన చాలామందికి సమాధి కూడా లేదు. అక్కడ వాళ్లకు మిగిలింది పేరు కాదు, ఓ నంబరు. అందుకే ఆ మనిషి తన ఇష్టంతో నివసించిన చివరి ఇంటి ముందే పేరు పెడతారు. పది సెంటీమీటర్ల చదరపు పలక మీద రాత కూడా క్లుప్తమే. ఉదాహరణకు: "ఇక్కడ నివసించారు", ఆ కింద పేరు, పుట్టిన సంవత్సరం, ఎప్పుడు ఎక్కడికి తరలించారు, ఏమయ్యారు. చదవాలంటే తల వంచాల్సిందే.

ఇవి యూదులకు మాత్రమే అని చాలామంది అనుకుంటారు. ఎక్కువ భాగం వాళ్లవే, కానీ రోమా, సింతీ అనే మైనారిటీ జాతుల ప్రజలకు, వికలాంగులకు, స్వలింగ సంపర్కులకు, యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖవారికి, నాజీలను ఎదిరించిన రాజకీయ కార్యకర్తలకు కూడా ఉన్నాయి. బతికి బయటపడ్డవారికీ పెడతారు. పైగా ఇది ప్రభుత్వ పథకమూ కాదు. ఒక్కో ఫలకం ఖర్చు సాధారణంగా స్థానికులో, బంధువులో, స్కూలు పిల్లలో భరిస్తారు. మృతుల పేర్లను తొక్కుతూ నడవడం అవమానమన్న అభ్యంతరంతో మ్యూనిక్ నగరం మాత్రం తన రోడ్లపై వీటిని అనుమతించలేదు. అక్కడ గోడల మీద, స్తంభాల మీద పలకలు పెడుతున్నారు.